నక్ష బాట మీద సైకిల్

సోయా కోత ఒడిసింది, కంది పూత మీదున్నది, పత్తి ఏరుడుకు కూలోళ్లు దొరికే దాక మనకు జర తీరిక. అందుకే ఈసారి కొంచెం పొడుగ్గనే రాస్తున్న, ఓపికతోని చదవండ్రి. ముచ్చట సైకిల్ తోని మొదలువెడ్తున్న గని అసలు సంగతి బాటది.

మా బోరంచకు మంజీర దగ్గర. నల్లపోచమ్మ గుడికి వచ్చే జనం మీకు ఎరుకే. జాతర రోజుల్ల అటు కర్ణాటక, ఇటు మహారాష్ట్ర నుంచి జీపులు, ఆటోలు, ట్రాక్టర్లు. ఆ రోడ్డు మీద సైకిల్ తొక్కుడంటే ప్రాణం చేతుల వట్టుకున్నట్టే. నిజాంపేట దగ్గర 161 నంబరు హైవే ఎక్కినమంటే ఇంక చెప్పొద్దు, లారీ గాలికే మనిషి పక్కకు జరుగుతడు. అందుకని నేను పొలానికి పోయేది పాత బండ్ల బాటల. ఆ బాట మీద కారు రాదు, ఆటో రాదు. పొద్దుగాల పోతే ఎదురయ్యేది మేకల మంద, పాల క్యాన్‌లు కట్టుకున్న ఒక బండి, మహా అయితే ఒక ట్రాక్టర్. పెట్రోలు లీటరు 107 దాటినంక మోటరుసైకిల్ ఇంట్ల వెట్టి సైకిల్ దీసిన. అది పైసల లెక్క. గని ఇప్పుడు పెట్రోలు ఉత్తగ పోస్తమన్నా నేను సైకిలే తీస్త.

ఎందుకంటరా? మోటరుసైకిల్ మీద పోతే బాట కనవడదు, పొలమే కనవడుతది. సైకిల్ మీద బాట కనవడుతది. ఎక్కడ ఒర్రె కోసింది, ఎవలి గట్టు జారింది, ఎక్కడ మొరం కొట్టుకపోయి బండ తేలింది, అన్నీ కాళ్లకే తెలుస్తయ్. ఊరు దాటంగనే ఎర్ర మొరం, అది ఎండాకాలం గట్టిగ ఉంటది గని గులకరాళ్లు జారుతయ్. ఆడ ముందు బ్రేకు గట్టిగ వట్టినోడు ముక్కు మీద పడ్తడు. వెనుక బ్రేకు వట్టాలె, అది గూడ ముందుగాలనే. నది దిక్కు దిగినకొద్ది నల్లరేగడి. ఎండినప్పుడు సిమెంటు తీరు, వాన పడ్డంక రెండు రోజులు దానికి పేరు వెట్టొద్దు. టైరుకు, మడ్‌గార్డుకు నడుమ మట్టి ఇరికి సైకిల్ మనిషి మీద ఎక్కుతది. నేనైతే మడ్‌గార్డులు పీకేసిన, హ్యాండిల్‌కు ఒక తుమ్మ పుల్ల కట్టుకున్న, మట్టి గీక్కుంటానికి. బండి గాడి ఉన్నకాడ గాడిలనే పోవాలె, నడుమల గడ్డిల పల్లేరుకాయలుంటయ్. గాలి గూడ డాంబరు రోడ్డు మీద కొట్టిచ్చినంత గట్టిగ కొట్టియ్యొద్దు, బొటనవేలితోని ఒత్తితే జరంత లోపలికి పోవాలె. అప్పుడు టైరు రాయిని మింగుతది, నడుముకు దెబ్బ రాదు.

పోయిన చలికాలం పట్నం పోరగాండ్లు ఇద్దరు వచ్చిండ్రు. లావు టైర్ల సైకిళ్లు, నెత్తికి టోపీలు. "కాకా, నది ఒడ్డుకు ఇదే బాటనా" అని అడిగిండ్రు. నాతోని కలిసి మంజీర దాక తొక్కిండ్రు. ఛాయ తాగుకుంట ఫోన్‌ల బొమ్మలు చూపిచ్చిండ్రు. ఇటలీ దేశంల ద్రాక్ష తోటల నడుమ తెల్లగ సుద్ద తీరు మట్టి బాటలు, వాటి మీద వందల మంది సైకిళ్లు. ఆనాటి సంది నేను దాని గురించి చదువుతనే ఉన్న. మన పనికి వచ్చే సంగతి ఒకటి దొరికింది.

ఇటలీల టస్కనీ అని ఒక ప్రాంతం. అండ్ల కియాంతి దిక్కు అన్నీ గుట్టలు, గుట్టల మీద సారాకు వేసే ద్రాక్ష, ఆలివ్ చెట్లు. తోటలకు పోయే బాటలు మన మొరం బాటల అసొంటియే, కాకపోతే ఆడ రాయి తెలుపు. వాటిని వాళ్లు 'తెల్ల బాటలు' అంటరు. ఊర్లకు డాంబరు పరుచుకుంట పోతుంటే ఆ బాటలు ఒక్కొక్కటే మాయమవుడు షురూ అయింది. అప్పుడు గయోలె అనే చిన్న ఊర్ల 1997ల కొంతమంది కలిసి, ఈ బాటలు మిగలాలంటే జనం వాటి మీద తిరగాలె అని సైకిల్ యాత్ర వెట్టిండ్రు. దాని పేరు ఎరోయికా. మొదటి ఏడు వచ్చింది 92 మంది. ఇప్పుడు ఏటా అక్టోబరు మొదట్ల వేల మంది, దేశదేశాల నుంచి వస్తరు. నియమం ఏందో ఎరుకేనా? 1987 కంటే ముందు తయారైన పాత సైకిలే ఉండాలె. నాకు నవ్వొచ్చింది. మా బాపు తొక్కిన అట్లాస్ సైకిల్ ఇంక కొట్టంల ఉన్నది, గేర్లు లేవు గని ఈడుకు మటుకు సరిపోతది! 2007 సంది పెద్ద పెద్ద ఆటగాళ్ల పందెం గూడ అవే తెల్ల బాటల మీద పెడ్తుండ్రు, సియెనా పట్నంల ముగుస్తది. మట్టి బాట ఉన్నందుకే ఆ ఊర్లకు జనం వస్తుండ్రు, తోట కాడనే సరుకు కొంటుండ్రు.

ద్రాక్ష అంటే మనకేం కొత్త గాదు. అనాబ్-ఎ-షాహీ అనే రకం 1890 ప్రాంతంల మన హైదరాబాదులనే వెలుగులకు వచ్చింది. పట్నం చుట్టుముట్టు ఒకప్పుడు ఎన్ని పందిళ్లు! ఇప్పుడు చానా మటుకు ఇండ్ల ప్లాట్లయినయ్. మన మనూరు దిక్కు బాటకు రెండు పక్కల ద్రాక్ష లేదు, చెరుకు, కంది, పత్తి ఉన్నయ్. నదేమో ఇటలీ వాళ్ల నదులకు తక్కువది గాదు. బీడ్ జిల్లా బాలాఘాట్ గుట్టల్ల పుట్టి, లాతూరు, బీదరు దాటి మన దగ్గరికి వచ్చి, సింగూరు, నిజాంసాగర్ నింపి కందకుర్తి కాడ గోదాట్ల కలుస్తది. మొత్తం 724 కిలోమీటర్లు. సింగూరు నిండిన ఏడు నీళ్లు పైకి ఎక్కి, బాట చివర నీళ్లల్ల మునుగుతది. ఎండాకాలం నీళ్లు గుంజినంక మళ్ల తేలుతది, శిఖంల దోసకాయ, పుచ్చకాయ పెట్టుకుంటరు. ఏడాదిల రెండు తీర్ల కనవడే బాట అది.

ఇప్పుడు అసలు కథ. మన ఊర్ల నక్ష చూసినోళ్లకు ఎరుకే, బండ్ల బాటకు రెండు చుక్కల గీతలు, కాలిబాటకు ఒక్క గీత. ఆ జంట గీతల నడుమ జాగ ఎవ్వలి పట్టా గాదు. మా తాత చెప్పేది, ఎదురెదురుగ రెండు ఎడ్లబండ్లు ఆగకుంట తప్పుకునేటియట. ఇయ్యాల కొన్ని కాడ్ల నా సైకిల్ హ్యాండిల్‌కు రెండు దిక్కుల చెరుకాకు కోస్తది. దున్నేటప్పుడు ట్రాక్టరు ఏడాదికి ఒక జానెడు పక్కకు జరుగుతది, అంతే. ఈ పక్కోడు జానెడు, ఆ పక్కోడు జానెడు. పగతోని చేసేది గాదు, అలవాటు. ఎవ్వలను అడిగినా "ఆయన ముందు జరిపిండు" అంటడు.

లెక్క చేద్దాం పాండ్రి. గుంట అంటే 1,089 చదరపు అడుగులు. బాట పొంట 363 అడుగుల గట్టు ఉన్నోడు మూడు అడుగులు జరిపితే సరిగ్గ ఒక గుంట వస్తది. ఎకరానికి 8 క్వింటాళ్ల పత్తి తీసేటోనికి గుంటకు 20 కిలోలు. 2024–25ల పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 7,521. అంటే ఏడాదికి 1,504 రూపాయలు, అండ్ల విత్తనం, మందు, కూలీ ఖర్చు తియ్యనే లేదు. ఆ పైసల కోసం ఏం పోతుందో చూడండ్రి. మా బాట చివర ఒకాయన చెరుకుకు లారీ రాలేకపోయింది. డాంబరు రోడ్డు దాక అర కిలోమీటరు కట్టలు నెత్తి మీద మోపిచ్చిండు. కూలీ డబుల్ అయింది, చెరుకు రెండు రోజులు ఎండి తూకం తగ్గింది. కోత మిషన్ గూడ అంతే, బాట సన్నగుంటే డ్రైవర్ దూరం నుంచే తిప్పుకపోతడు. పాము కరిస్తే 108 బండి ఎక్కడి దాక వస్తది? ఇది ఇటలీ వాళ్లకు లేని బాధ, మనకు ఉన్నది.

"మరి డాంబరు వేపిద్దాం" అని కొంతమంది అంటరు. నా మాట ఇనండ్రి, కోపానికి రావద్దు. ఊరికి ఊరికి నడుమ డాంబరు కావాలె, బడికి, దవాఖానకు కావాలె. పొలం బాటకు మటుకు మొరమే నయం. మొరం మన గుట్ట కాడనే దొరుకుతది, ఒర్రె కోస్తే మనమే నాలుగు తట్టలు పోసుకుంటం, ఉపాధి హామీల గూడ మట్టి బాట పని చేపిచ్చుకోవచ్చు. డాంబరు పగిలితే మళ్ల టెండర్ దాక గుంతలే. ఇంకోటి, బాటకు డాంబరు పడంగనే పట్నపోళ్ల కార్లు వస్తయ్, ఎనక ఫాంహౌజ్‌లు వస్తయ్, కంచె వస్తది, గేటు వస్తది. నది ఒడ్డుకు పోతానికి మనమే వాచ్‌మన్‌ను అడగాల్సి వస్తది. పట్నం చుట్టూ ఏమయిందో చూసినం గదా.

బసవేశ్వర ఎత్తిపోతలకు 2022 ఫిబ్రవరి 21 నాడు నారాయణఖేడ్‌ల శంకుస్థాపన అయింది. పంపులు మన బోరంచ కాడ నుంచే. కాల్వ ఎప్పుడు తవ్వినా, దాని కట్ట మీద తనిఖీకి మట్టి బాట ఉంటది. నక్ష బాట కాల్వకు అడ్డం వచ్చిన కాడ వంతెన అడిగి వెట్టిచ్చుకోవాలె. ఇప్పుడే బాట నక్షల ఉన్నట్టు నేల మీద లేకపోతే, ఆనాడు ఇంజినీర్‌కు ఏం జూపిస్తం? "ఈడ బాట ఏది?" అంటే చెరుకును జూపిస్తమా?

మేం నలుగురం అనుకున్నం. కంది కోత అయినంక, చేన్లు ఖాళీగ ఉన్నప్పుడు, ఊరు సంది నది దాక నక్ష వట్టుకొని బాటంత కొలుస్తం. గొడవకు గాదు, ఎవ్వలి పేరు రాయం. సన్నగైన కాడ సున్నం ముగ్గు పోసి, రెండు దిక్కుల రైతులను నిలవెట్టి మాట్లాడుకుంటం. ఒప్పుకుంటే ఆ ఎండాకాలమే మొరం పోసుడు. ఒప్పుకోకపోతే మనూరు తహసీల్దార్ ఆఫీసుల సర్వేకు దరఖాస్తు, అది చివరికి. నా గట్టు కాడ నేను ముందుగాలనే ముగ్గు పోస్త, ఆడికెళ్లే మొదలు.

మీ ఇండ్లల్ల పాత నక్ష నకలు గని, టిప్పన్ కాయితం గని ఉంటే ఫోటో దీసి పంపండ్రి. పక్క ఊర్లోళ్లు గూడ రావచ్చు, మీ బాటలు మా బాటకు కలిసేటియే. సైకిల్ ఉన్నోళ్లు సైకిలే తెచ్చుకోండ్రి, కొలుసుకుంట పోతానికి అల్కగుంటది. గాలి పంపు నా దగ్గర ఉన్నది, పంక్చర్ సులేషన్ మటుకు అయిపోవచ్చింది, ఎవలన్న ఒక డబ్బా పట్టుకరాండ్రి.