కుప్పింటాకు వేళ్లు

ఈ ఉదయం విరజాజి పాదులో కలుపు తీస్తుంటే ఒక కుప్పింటాకు మొక్క వేళ్లతో సహా చేతికొచ్చింది. పారేయబోయి ఆగిపోయాను. మా ఆవిడ ఉంటే పారేయనిచ్చేది కాదు. ఆ వేళ్ల వాసనంటే పిల్లులకు వెర్రి. మొక్క పీకి మెట్టు మీద పెడితే చాలు, గోడ మీది బూడిద రంగు పిల్లి దూకి వచ్చి, వేళ్లకు మొహం రుద్దుకుంటూ వెల్లకిలా దొర్లేది. తను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వు చూడ్డానికే నేనూ కలుపు తీయడం నేర్చుకున్నాను.

రాజమండ్రి వెళ్లినప్పుడల్లా కడియం నర్సరీలు చూడాల్సిందే. ఖరీదైన మొక్కల జోలికి పోయేది కాదు. ఎవరూ కొనక వాడిపోయిన నందివర్ధనాన్నో, మందారాన్నో ఏరి తెచ్చేది. బస్సులో తన ఒళ్లో ఒకటి, నా ఒళ్లో ఒకటి. పిల్లులూ అంతే. కుంటిది, ఒంటికన్నుది, వానకు తడిసి గుమ్మంలో వణికేది, అన్నిటికీ మా పెరడే పుట్టిల్లు.

ఎర్రగన్నేరంటే నాకు ప్రాణం. అదొక్కటే నాటనివ్వలేదు. "ఆకు నుంచి వేరు దాకా విషమేనండీ, కూనలు కొరికితే?" అనేది. తను పోయి మూడేళ్లయింది. పెరట్లో గన్నేరు ఇప్పటికీ లేదు, నాటను కూడా.

చివరి నెలల్లో మంచం కిటికీ వైపు జరిపించుకుంది. నీళ్లు పోస్తూ నేను ఏ మొక్క మరిచిపోయినా అక్కణ్నుంచే పేరు పెట్టి పిలిచి చెప్పేది, మొక్కను.

కుప్పింటాకు వేళ్లకు మట్టి దులిపి మెట్టు మీద పెట్టాను. బూడిద పిల్లి మనవరాలు గోడ మీంచి చూస్తోంది.