ముగ్గు పడని వాకిలి

బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లెలో ఓ అవ్వ నాకు 11 తిరగలి పాటలు పాడింది. మళ్లీ వస్తానంటే, "నేనుంటే రా అమ్మణ్ణీ" అంది. ఇప్పుడు ఆమె లేదు. ఆ పాటలూ లేవు.

పాటలు సర్వర్లో భద్రంగా ఉన్నాయనుకున్నాను. రోజూ రాత్రి రెండింటికి బ్యాకప్ ప్రోగ్రాం వాటిని ఇంకో డిస్కులోకి నకలు తీసేది. పొద్దున చూస్తే లాగ్‌లో 'పూర్తయింది' అని ఉండేది. అసలు డిస్కు చెడిపోయిన రోజున తెలిసింది, ఐదు నెలలుగా నకలు పడటమే లేదని! రెండో డిస్కు నిండిపోయింది. నకలు పడినా పడకున్నా ప్రోగ్రాం చివరి వరుస మాత్రం 'పూర్తయింది' అని రాసేసేది. ఎక్కడా ఎర్రదీపం వెలగలేదు. ఆ ఐదు నెలల్లో ఒక్క ఫైలైనా తెరిచి చూడని తప్పు నాది కూడా.

ఇప్పుడు పద్ధతి మార్చాం. నకలు తీశాక ప్రోగ్రాం ఫైళ్లు లెక్కపెడుతుంది. లెక్క సరిపోతేనే మరో యంత్రానికి 'ఉన్నాను' అని కబురు పంపుతుంది. మూడింటిలోగా కబురు రాకపోతే ఆ యంత్రం నా ఫోను మోగిస్తుంది. ఆగిపోయిన ప్రోగ్రాం తన చావు కబురు తాను చెప్పుకోలేదు కదా, ఎదురుచూసేది బయట ఉండాలి. నెలకోసారి నకల్లోంచి ఒక పాట తీసి వింటున్నాను కూడా.

ఇదంతా చెబితే తిరుపతిలో ఒంటరిగా ఉండే మా పెద్దమ్మ నవ్వింది. "ఇదేం కొత్తే? ఆరింటికల్లా నా వాకిట్లో ముగ్గు పడకపోతే ఎదురింటామె వచ్చి తలుపు కొడుతుంది." పోయిన ధనుర్మాసంలో పెద్దమ్మ స్నానాలగదిలో జారిపడిన సంగతి అలాగే బయటపడింది. ముగ్గును ఆడవాళ్ల వెట్టిచాకిరీ లెక్కలో వేసి వ్యాసం రాసినదాన్ని నేను. ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోను గానీ, ఆ రోజు మాత్రం నోరెత్తలేదు.

అన్నమయ్య 32,000 సంకీర్తనలు రాశాడని సంప్రదాయం. తిరుమల సంకీర్తన భాండారంలోని రాగిరేకుల్లో దొరికినవి అందులో సగం కూడా లేవు. అయినా ఎంత పోయిందో చెప్పుకోడానికి ఒక అంకె ఉంది. ఆయన భార్య తిమ్మక్క పేరిట 'సుభద్రా కల్యాణం' ఒక్కటే మిగిలింది. ఆమె ఇంకేమైనా రాసిందా? ఆమె రాయవలసినవి ఇన్ని అని ఎవరూ లెక్క పెట్టుకోలేదు. అందుకే ఏం పోయిందో అడగడానిక్కూడా మనకు వీల్లేదు. ఆడవాళ్ల సాహిత్యచరిత్రలో ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఇప్పుడు రికార్డరు తీయకముందే, "నీకెన్ని పాటలొచ్చవ్వా?" అని అడుగుతున్నాను. చంద్రగిరి దగ్గర ఒకామె వేళ్లు మడిచి మడిచి 40 అంది. సాయంత్రం బస్సు వేళకు 23 అయ్యాయి. పుస్తకంలో 40 అనే రాసుకున్నాను.