అమ్మ పెట్టెలోని ముక్కలు

మా యమ్మ గతించిన పిమ్మట ఆమె ట్రంకుపెట్టెను తెరచి చూచితిమి. చినిగిన చీరల జరీయంచులు, పగిలిన గాజుముక్కలు, పాత శుభలేఖలు, రవికెల గుండీలు, పోస్టుకార్డులు అందుండెను. "వదినగారూ, ఈ చెత్తంతా పారవేద్దామా?" యని మా మరద లడిగెను. ఆమె తప్పు లేదు, ఇల్లు చిన్నది. నాకు మాత్రము చేతు లాడలేదు. మూటగట్టి మా యింటికి దెచ్చుకొంటిని.

పలువిధములైన ముక్కల నొక యట్టపై నతికి చిత్రముగా గూర్చుటను కొలాజ్ అందురు. పేరు పరదేశముదైనను పని మనకు క్రొత్తది కాదు. పాతచీరలతో బొంతలు కుట్టిన మన యమ్మమ్మలు ఏ రంగు సరసన నే రంగు ఇముడునో యెరుగుదురు. ఇంగ్లండులో మేరీ డెలానీ యను వితంతువు 1772లో, తన 72వ యేట, రంగు కాగితములను కత్తిరించి నల్లని కాగితముపై పుష్పములుగా నతుక నారంభించెను. కొన్నిట నిజమైన యాకులనే చేర్చెను. చూపు మందగించువరకు పదేండ్లు శ్రమించి ఆమె చేసిన చిత్రములు దాదాపు వేయి. అవి నేడు బ్రిటిష్ మ్యూజియములో నున్నవి. ఇది చదివి నాకును ధైర్యము కలిగెను.

మా పుట్టినింటి నూతిని చిత్రింప దలచితిని. ముక్కలను జిగురు లేకయే రెండు దినములు అటునిటు జరిపి చూచుకొంటిని. మైదాజిగురు కాచి మొదట కాగితములు, పిదప గుడ్డలు నతికి, బరువు పెట్టి యారనిచ్చి, తుదకు గాజులను గట్టిబంకతో నిలిపితిని. జరీ నీటి తళుకయ్యెను. పచ్చగాజులు అరటియాకు లయ్యెను.

నూతిగట్టునకై అమ్మ వ్రాసిన కార్డొకటి కత్తిరించితిని. క్షేమసమాచారమే కదా యనుకొంటిని. జిగురు తగిలి సిరా చెదరుచుండగా చూచితిని గదా, అవి ఉసిరికాయ పచ్చడి కొలతలు! అద్దునంతలో నాలుగు పంక్తులు మాసిపోయెను. మరల నడుగుటకు అమ్మ లేదు. ఆ సంవత్సరము పచ్చడి పెట్టితిని గాని ఆ రుచి రాలేదు.

చిత్రము మా సావడిలో నున్నది. చూచిన మరదలు కన్నీరు పెట్టుకొని తనకు నొకటి చేసి యిమ్మనెను. చేయుచున్నాను. ఈసారి ఉత్తరములకు జిరాక్సు తీయించి ఆ నకళ్లనే యతుకుచున్నాను. అవి తడికి చెదరవు, అసలు పెట్టెలో భద్రముగా నుండును.

మీ యిండ్లలోను ఇట్టి పెట్టె లుండును. తప్పక ప్రయత్నింపుడు. కాని కత్తెర పట్టుటకు ముందు ప్రతి కాగితమును ఒకమారు చదువుడు.