పూజగది మీదే, మరి పై పోర్షన్?

మాది బోధన్. మా బాపు నిజాం షుగర్స్‌లో పనిచేసేవాడు. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతబడ్డాక ఇంటికి ఆసరా పై పోర్షన్ కిరాయే. నేను హైదరాబాదులో కోడు రాసుకుంటూ బతుకుతున్నాను కాబట్టి, కిరాయికి మనుషుల్ని వెతికే పని కూడా నాదే.

ఆమధ్య నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడికి మా ఊరికి బదిలీ అయింది. వాడితోపాటు ఇంకో అబ్బాయి. వాళ్ళిద్దరూ ఒట్టి స్నేహితులు కాదని నాకు తెలుసు. "కజిన్ అని చెప్పెయ్‌రా, ఏం పోయింది?" అన్నాను. వాడు వినలేదు. రోజూ అబద్ధమాడుతూ ఉండలేనని బాపుకి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

బాపు అరవలేదు, తిట్టలేదు. "మంచి పిలగాండ్లే బిడ్డా. గని కింద పూజగది ఉన్నది. పైన ఇసొంటిది నాతోని కాదు" అన్నాడు. అంతే!

నిజానికి బాపు మాటని కొట్టిపారెయ్యలేం. రాజ్యాంగం 25వ అధికరణం ఆయనకి మతస్వేచ్ఛ ఇచ్చింది. ఫలానా పెళ్ళి చెయ్యనని పంతులుగారంటే ఆయన్ని బలవంతపెట్టకూడదు. నా మట్టుకు నాకు ఇందులో సందేహం లేదు.

కానీ అసలు పేచీ పంతులుగారితో కాదే! హైదరాబాదు జంట సుప్రియో, అభయ్ సంగతే చూడండి. 2021 డిసెంబరులో ఇంట్లోవాళ్ళు, స్నేహితుల మధ్య వేడుక చేసుకున్నారు. ఎవరూ ఆపలేదు. ఆ తర్వాత వాళ్ళు సుప్రీంకోర్టుకి వెళ్ళింది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద గుర్తింపు కోసం. ఆ చట్టంలో పంతులూ లేడు, ఖాజీ లేడు, పాస్టరూ లేడు. ముప్ఫై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు, సంతకాలు. మతం ఊసే లేని ఆ రిజిస్టరులో ఇద్దరి పేర్లు రాస్తే ఎవరి మతస్వేచ్ఛకి భంగం? 2023 అక్టోబరు 17న కోర్టు కుదరదంది, అది చట్టసభల పనంది. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లనీ కొట్టేసింది.

ఇక కిరాయి సంగతి. ఇది గుడీ కాదు, రిజిస్టరూ కాదు, వ్యాపారం. ఇలాంటి తగాదా బ్రిటన్‌లో వచ్చింది. కార్న్‌వాల్‌లో చిన్న హోటలు నడిపే క్రైస్తవ దంపతులు, పెళ్ళైన ఆడా మగా జంటలకే డబుల్ రూమ్ ఇస్తామని ఒక మగ జంటకి గది ఇవ్వలేదు. 2013లో అక్కడి సుప్రీంకోర్టు హోటలు వాళ్ళది తప్పని తేల్చింది. అదే ఏడాది ఆ దేశం స్వలింగ వివాహాలకి చట్టం చేస్తూ, మతగురువులెవరినీ ఆ పెళ్ళిళ్ళు చెయ్యమని బలవంతపెట్టరాదని కూడా రాసుకుంది. అంటే గుడికో లెక్క, గల్లాపెట్టెకో లెక్క. నాకిది సబబుగానే తోస్తోంది.

మన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాల పేర్లున్నాయి. కిరాయి ఇల్లు లేదు. కులం చూసి, తిండి చూసి 'టు లెట్' బోర్డు తిప్పేసే దేశంలో ఆ లోటు ఎంతమందికి తగులుతోందో వేరే చెప్పాలా?

సొంతిల్లు కదా, ఆయనిష్టం అంటారేమో. యజమానితో కలిసి ఉండే చిన్న ఇళ్ళకి బ్రిటన్ చట్టమూ కొంత మినహాయింపు ఇచ్చింది. మా పై పోర్షన్‌కి మాత్రం మెట్లు వేరు, వంటిల్లు వేరు, కరెంటు మీటరూ వేరే. పూజగది ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఇదంతా బాపుతో చెప్పాను. సగం విని టీవీ పెట్టుకున్నాడు. పది రోజులయ్యాక ఆయనే ఫోన్ చేశాడు. "ఆ పిలగాండ్లకు ఇల్లు దొరికిందా?"

"దొరికింది బాపూ. కజిన్స్ అని చెప్పిన్రట."

బాపు కాసేపు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఆ అబద్ధం నేను నేర్పిందే కదా.