మాట మానిన తెర

తెలుగువాడు నాటకమునకు చూచుటకన్న వినుటకే యెక్కువగా పోయెడివాడని నా నమ్మకము. పద్యనాటకమున శ్రీకృష్ణుడు రాయబారమునకు వచ్చి రాగము తీయుచున్నప్పుడు ప్రేక్షకులలో సగముమంది కన్నులు మూసికొనియే తలలూపుచుండెడివారు. పద్యము ముగియగనే "వన్స్‌మోర్" అని కేకలు వేసెడివారేగాని, ఆ పద్యము వినుచున్న దుర్యోధనుని మొగమెట్లుండెనో మరల నొకసారి చూపుమని యడిగినవా రెవ్వరును లేరు. హరికథ, బుఱ్ఱకథ, అవధానము, పురాణకాలక్షేపము, ఈ మన వినోదములన్నియు చెవిదారినే లోనికి వచ్చినవి. నృత్యమని పేరుపొందిన కూచిపూడిలో సహితము సత్యభామ నోరు విప్పి చెలికత్తె మాధవితో సంవాదము నడపవలసినదే. ఆంగిక వాచిక ఆహార్య సాత్త్వికములను నాలుగు తెఱగుల యభినయములలో వాచికమునకు మనమిచ్చిన పెద్దపీట తక్కిన మూడింటికి నీయలేదు. ఇట్టి జాతి యింటిలోనికి టెలివిజను ప్రవేశించినప్పుడు అదియును మాటలపుట్ట యగుటలో వింత యేమియు లేదు.

దీనికి వేఱొక కారణమును కలదు. టెలివిజను సినిమాకు చెల్లెలని లోకము తలచుచున్నను, నడవడినిబట్టి చూచినచో నది రేడియోకు కూతురు. 1948లో విజయవాడ రేడియో కేంద్రము నెలకొన్ననాటినుండి నాటకమును చెవితో చూచుట కలవాటుపడిన యిండ్లలోనికే, 1977లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము మొదలైన పిమ్మట, బొమ్మలపెట్టె వచ్చి కూర్చున్నది. సినిమాహాలులో దీపములార్పి, తలుపులు మూసి, మనుష్యుని కుర్చీకి అప్పగింతురు. ఇంటిలో దీపము వెలుగుచునే యుండును, కుక్కరు కూయుచునే యుండును, పిల్లవాడు ఎక్కముల పుస్తకము తెచ్చి యొడిలో పెట్టుచునే యుండును. పోపు వేయుచున్న గృహిణి కథను వినునేగాని చూడదు. ఈ సంగతి మన సీరియలు రచయితలకు బాగుగా తెలియును. కావుననే కోడలు గదిలోనికి వచ్చి, "అత్తయ్యగారూ, నిన్న రాత్రి మావయ్యగారు మీకిచ్చిన ఆస్తి కాగితాలు ఈ బీరువాలోనే ఉన్నాయి కదూ?" అని, అత్తగారికి ముందే తెలిసిన సంగతిని అత్తగారితోనే చెప్పును. ఆ మాట యత్తగారి నుద్దేశించినది గాదు, గరిటె చేతబట్టిన శ్రోత నుద్దేశించినది. ఇందులో ధనవిషయమును లేకపోలేదు. ఇద్దరిని హాలులో నిలువబెట్టి మాటలాడించినచో ఘట్టము తొందరగా ముగియును. ఆ సంగతినే చేతులచేతను, చూపులచేతను, గడపకడ ఆగిన అడుగులచేతను చెప్పింపవలెనన్న కెమెరాను పదిమారులు కదపవలెను, దీపములను పదిమారులు సవరింపవలెను. దినమున కొక భాగము చొప్పున అందింపవలసిన నిర్మాతకు మాట చవుక, మౌనము ప్రియము.

మన సీరియళ్లలో మాటలులేని ఘట్టములు లేవని యెవరైన ననుకొందురేమో! ఉన్నవి, కావలసినన్ని యున్నవి. ఒక రహస్యము బయటపడును. పిడుగువంటి ధ్వని మూడుసారులు మ్రోగును. అత్తగారి మొగము మూడుసారులు, ఆడపడుచు మొగము మూడుసారులు, సంగతితో సంబంధమే లేని వంటమనిషి మొగము మూడుసారులు తెరపైకి దూసికొని వచ్చును. అప్పుడెవ్వరును మాటలాడరన్నది నిజమే. కాని ప్రతి మొగమును "నేను నిర్ఘాంతపడితిని, నీవును పడుము" అని యాజ్ఞాపించుచున్నచో దానిని మౌనమనుట యెట్లు? నేను చెప్పదలచిన మౌనము దీనికి సరిగా వ్యతిరేకమైనది. ఘట్టమును గూర్చి ఏమనుకొనవలెనో చెప్పువారెవ్వరును తెరపై లేకుండుటయే దాని లక్షణము. మాటలున్న ఘట్టములో ఎవడో యొకడు మనకు బదులుగా తీర్పు చెప్పివేయును; మాటలులేని ఘట్టములో ఆ భారము తెరయీవలి వానిపై బడును.

ఈ భారమును మోపుటకు టెలివిజను పుట్టింటి నుండియే యొక నటి వచ్చినది. ఏగ్నెస్ మూర్‌హెడ్ అను అమెరికా నటీమణి 1943లో "సారీ, రాంగ్ నంబర్" అను రేడియో నాటకమున, మంచముపట్టిన స్త్రీ టెలిఫోను చేతబట్టి దిక్కుతోచక అలమటించుటను కేవలము కంఠముతో నభినయించి, దేశమునంతటిని గగుర్పాటు నొందించినది. అట్టి యామెకు 1961 జనవరిలో "ట్వైలైట్ జోన్" ధారావాహికలోని "ది ఇన్వేడర్స్" అను భాగమున ఒక్క సంభాషణయైనను లేని పాత్ర నిచ్చిరి. కొండపల్లెలో ఒంటరిగా నివసించు ఒక బీదరాలి యింటికప్పుపై చిన్న పళ్లెమువంటి విమానము దిగును. అందులోనుండి జానెడేసి మరబొమ్మలవంటి ఆకారములు వచ్చి యామెను హింసించును. ఆమె రొప్పుచు, మూలుగుచు, గొడ్డలి పట్టుకొని పోరాడును. రిచర్డ్ మాథెసన్ రచించిన యీ కథలో మౌనము వట్టి యలంకారము కాదు, కథకే ఆధారము. చివరకు విమానముపైని వ్రాతవలన తెలియునది యేమనగా, వచ్చినవారు మన భూలోకవాసులు, అమెరికా వైమానికులు. మనము జాలిపడిన యాడుది వేఱొక గ్రహమున నివసించు మహాకాయ. ఆమె యొక్కమాట యింగ్లీషున పలికియున్నచో గుట్టు రట్టయ్యెడిది. ఆమె నోరు మెదపకుండుటచేతనే మనమామెను మనమనిషిగా భావించి, మనవారిని శత్రువులుగా నెంచితిమి. తీర్పు చెప్పినవారము మనమే. తప్పుడు తీర్పు చెప్పినవారమును మనమే.

అమెరికాలోనే 1999 డిసెంబరులో "బఫీ ద వాంపైర్ స్లేయర్" అను యువజనప్రియమైన ధారావాహికలో "హష్" అనెడి భాగము వెలువడినది. ఊరిజనుల కంఠస్వరములను దొంగిలించు పిశాచముల కథ గనుక అందులో సగమునకు పైగా సంభాషణములు లేవు. చమత్కారమేమనగా, మాటలపోహళింపునకు పేరొందిన దాని రచయిత జాస్ వీడన్ రచనాకౌశలమునకు ఎమ్మీ పురస్కారపు పరిశీలనలో చోటు సంపాదించిపెట్టినది ఆ మూగభాగమే. రచన యనగా పాత్రల నోట మాటలు పెట్టుటయేనని తలచు మన సీరియలు కార్యాలయములలో ఈ వార్తను చట్టముకట్టించి గోడకు వ్రేలాడదీయవచ్చును.

లండనునుండి బీబీసీవారు 1979లో ప్రసారము చేసిన "టింకర్ టైలర్ సోల్జర్ స్పై" అను ఏడుభాగముల నాటకము ఇట్టిదొక మూగఘట్టముతోనే ఆరంభమగును. గూఢచారిశాఖలోని నలుగురు అధికారులు సమావేశమునకు ఒకరి తరువాత నొకరు వచ్చి కూర్చుందురు. ఒకడు కాగితములను పొందికగా సర్దుకొనును, ఒకడు పొగత్రాగును, ఒకడు పైపు వెలిగించుకొనును. కడపట వచ్చినవాడు టీకప్పుపై సాసరును మూతగా బోర్లించి, దానిని ఒలుకనీయక పట్టుకొని వచ్చును. పలుకరింపు లేదు, చిరునవ్వు లేదు. కార్యక్రమ మారంభింతమను ముక్క యొక్కటి వినబడి ఘట్టము ముగియును. వీరిలో నొకడు శత్రుపక్షమునకు అమ్ముడుపోయినవాడని తరువాత తెలియును. ఆ సంగతి తెలిసినపిమ్మట వెనుకకు పోయి చూచినచో, ఆ సాసరు మూతలోనే ఆ మనుష్యుని నిర్లక్ష్యమును, రహస్యమును ఇమిడియున్నట్లు తోచును. నిజముగా నిమిడియున్నదో, తెలిసిన తరువాత మనమే యిమిడించుచున్నామో! రెండవదే నిజమైనను దర్శకుని గెలుపునకు లోటులేదు.

మాటకు మఱియొక దుర్గుణము కలదు. అది కాలమును మింగివేయును. "దినమంతయు కట్టెలు కొట్టితిని" అని పాత్ర పలుకుటకు రెండు క్షణములు చాలును. కట్టె కొట్టుటలోని దినమును చూపవలెనన్న మాట తప్పుకొనవలెను. 2017లో వచ్చిన "బెటర్ కాల్ సాల్" మూడవసంపుటి తొలిభాగమున మైక్ అను వృద్ధుడు తన కారులో ఎవరో రహస్యయంత్రము నమర్చిరని శంకించి, పాతయినుపసామానుల దొడ్డిలో దానిని మరమరగా విప్పివేయును. సీట్లూడును, తలుపులూడును, తివాసీ చిరుగును. మాట యుండదు, తొందర యుండదు. సర్వమును శోధించి విసిగిన పిమ్మట పెట్రోలు ట్యాంకు మూతలో ఆ యంత్రము దొరకును. ఆ ముసలివాని సహనమెట్టిదో పదిపుటల సంభాషణము చెప్పజాలదు. అయినను ఆ పనితనము కొంత తన్నుతాను మెచ్చుకొనుచున్నట్లు నాకు తోచును. మన దేశపు టెలివిజనుకొరకే తీసిన వేఱొక చిత్రమును చూచినవానికి అట్లు తోచుట సహజము.

అది సత్యజిత్ రాయ్ 1981లో దూరదర్శనుకొరకు తీసిన "సద్గతి". ప్రేమ్‌చంద్ కథ. దుఖీ యను చర్మకారుడు తన కూతురి వివాహమునకు ముహూర్తము పెట్టించుకొనుటకై ఘాసీరామను బ్రాహ్మణుని యింటికి పోవును. జ్వరముపడి లేచినవాడు, అన్నము తినలేదు. బ్రాహ్మణుడు వానిచేత వాకిలి యూడ్పించి, ఊకబస్తాలు మోయించి, కడకు ముడులుపడిన యొక మొద్దును చీల్చుమని యాజ్ఞాపించును. దుఖీ వేషమున నున్న ఓంపురి గొడ్డలి యెత్తును, వేయును, మొద్దు చలింపదు. మరల నెత్తును, వేయును. గొడ్డలిచప్పుడొక్కటే. ఇచ్చట మౌనమనగా శబ్దములేమి కాదని గ్రహింపవలెను. మాట తొలగినందున చిన్నశబ్దములకు పెద్దరికము వచ్చును. పోపుగరిటె పట్టుకొన్న గృహిణి సైతము ఆ చప్పుడు ఒకేతీరున ఏల వచ్చుచున్నదో చూతమని వంటింటినుండి రాగలదు. చివరి దెబ్బలు మొద్దుమీద గాదు, తన యవమానముమీదనే వేసినట్లుండును. వాడచ్చటనే కూలి ప్రాణము విడుచును.

తరువాతి కథ మఱింత కఠినము. శవము నూతిదారిలో పడియున్నది. వాని కులమువారు తాకరు, అగ్రహారమువారు తాకరాదు. భార్య ఝురియా వానలో వచ్చి శవముపై బడి యేడ్చును. స్మితాపాటిల్ నోట ఆ యేడుపు వినినవారికి దాని తరువాత వచ్చు మౌనము భరింపరానిదగును. వేకువజామున, ఎవ్వరును చూడని వేళ, ఘాసీరాం వేషమున నున్న మోహన్ అగాషే ఒక కఱ్ఱతో శవము కాలెత్తి, ఉచ్చువేసిన త్రాడు తగిలించి, తన చేయి తగులకుండ తడినేలమీద నీడ్చుకొనిపోయి, చచ్చిన పశువులను పడవేయుచోట విడిచిపెట్టును. తిరిగివచ్చి ఆ మొద్దుచుట్టు పవిత్రజలము చల్లును. గొడ్డలి యింకను మొద్దులోనే దిగియున్నది. ఇందులో సంభాషణము లేదు. ఒక పాత్ర వచ్చి "అన్యాయము" అని యున్నచో మనకెంత హాయిగా నుండెడిదో! ఆ పాత్రతో తలయూపి, న్యాయపక్షమున నిలిచితిమను తృప్తితో భోజనమునకు లేచెడివారము. రాయ్ ఆ హాయి నీయలేదు. శవమును తాకకుండ నీడ్చుటలోని శ్రమను, నేర్పును, ఆ బ్రాహ్మణుని రొప్పును చూపి యూరకుండెను. అంతటి పనిని అంత శ్రద్ధగా చేయువానిని చూచుచు నవ్వలేము, తిట్టలేము. చూచుట మాత్రము మానలేము.

ఓంపురియే మఱియేడేండ్లకు గోవింద్ నిహలానీ "తమస్"లో నత్థూ వేషము ధరించి, చీకటికొట్టులో పందిని చంపుటకు పడిన పాట్లు దూరదర్శనులో చూచినవారు మఱచియుండరు. పశువైద్యునికి కావలెనని నమ్మించి చంపించిన యా పంది మసీదుమెట్లపై తేలుటతో ఊరు మండును. అచ్చట సణుగుడు, రొప్పు, పందియరుపు తప్ప చెప్పుకొనదగిన మాటలు లేవు; కాని రానున్న రక్తపాతమంతయు ఆ చెమటలో ముందుగనే కనబడును. ఈ ధారావాహికను నిలిపివేయవలెనని న్యాయస్థానముల కెక్కినవారు కలరు. 1988లోనే సుప్రీంకోర్టు వారి వాదమును త్రోసిపుచ్చినది. వ్యాఖ్యానము లేని బొమ్మను చూచిన సామాన్యుడు ఏ తీర్పునకు వచ్చునో యని భయపడినవారు కొందఱు, వాని తీర్పును నమ్మినవారు కొందఱు. ఆ వ్యాజ్యపు సారము నా దృష్టిలో నింతియే.

రాయ్ మఱియొక చిన్నచిత్రమును పేర్కొనక యీ ప్రస్తావన ముగింపరాదు. 1964లో ఎస్సో చమురుసంస్థ పోషణమున అమెరికా టెలివిజనుకొరకు ఆయన "టూ" అను చిత్రమును తీసెను. బెంగాలు జీవితమును ఇంగ్లీషు మాటలతో తీయుమని వారు కోరగా, ఆయన యే భాషయును లేకుండ పావుగంటకు మించని కథ నల్లెను. మేడకిటికీలో నొక సంపన్నబాలుడు, క్రింద గుడిసెకడ నొక పేదబాలుడు. వీడు పిల్లనగ్రోవి యూదిన వాడు బూరయూదును. వీడు డోలు తెచ్చిన వాడు కీలుకోతిచేత డోలు కొట్టించును. వీడు గాలిపటమెగురవేసిన వాడు గాలితుపాకితో దానిని చించును. తరువాత వాని బొమ్మలన్నియు గది నిండ రొదపెట్టుచున్నను, ఆ రొదను మించి పిల్లనగ్రోవి వినబడుచునే యుండును. వియత్నాము పోరాటపు దినములలో తీసిన దీనిని రాజకీయముగా చదివినవారును కలరు. చదువనిండు, చిత్రము కాదనదు.

నేడు కొరియానుండియు, స్పెయిన్‌నుండియు, అమెరికానుండియు వచ్చు ధారావాహికలు ఓటీటీ వేదికలపై తెలుగుమాటలు తొడుగుకొని మన యిండ్లలోనికి వచ్చుచున్నవి. పెదవులొకటి పలుకగా చెవికొకటి వినబడు నా భాగములమధ్య, మాటలులేని ఘట్టము వచ్చినప్పుడు మాత్రము సియోలువాడు చూచినదియు సికింద్రాబాదువాడు చూచినదియు ఒక్కటియే యగును. ఆ కొలది నిమిషములనైన ముట్టుకొనకుండిన బాగుండును. కాని నటుడు వెనుదిరిగి నిలిచినప్పుడు, పెదవులు కనబడవుగదా యని మూలమున లేని రెండుమూడు మాటలు వాని వీపుచేత పలికించు నేర్పును మన డబ్బింగులో నేను పలుమారులు గమనించితిని. ఆ మాటలు వ్రాయువారికి మాటలలెక్కన సొమ్ము ముట్టుచున్నచో, నిమిషములలెక్కకు మార్చుట మేలు.