పసుపూరికి కాపురం మారితే...

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ల కాలంలో బదిలీలు అంతగా లేవు కాబట్టి సరిపోయింది. ఉండుంటే 'ఇల్లు మారి చూడు' అని మూడోది కూడా చేర్చేవారు. పదేళ్లుగా నోరెత్తకుండా తిరిగిన మిక్సీ కొత్త ఇంట్లో మొదటి రోజే మూలుగుతుంది. బీరువా వస్తుంది, దాని తాళంచెవి రాదు. కుక్కర్ దొరుకుతుంది, మూత ఏ అట్టపెట్టెలో ఉందో దేవుడికే తెలియాలి. ఇక కారు సంగతి చెప్పనే అక్కర్లేదు. అది సరిగ్గా ఆ రోజు చూసుకునే అలుగుతుంది!

ఈ తిప్పలు ఏ ఊళ్లో అయినా ఒకటే. కానీ ఆర్మూరులో, అదీ పసుపు ఉడికే రోజుల్లో పడితే మాత్రం లెక్క వేరు. మన ఇల్లు బాగుచేయాల్సిన ప్రతి చెయ్యీ ఆ కొన్ని వారాలూ పసుపులోనే ఉంటుంది.

నిజామాబాద్ నుంచి పాతిక కిలోమీటర్లు దాటితే ఆర్మూరు. దూరం నుంచే నవనాథ సిద్ధుల గుట్ట కనిపిస్తుంది. పిల్లలెవరో ఆడుకుంటూ ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో లేచి వెళ్లిపోయినట్టుండే బండరాళ్లు, వాటి నడుమ సిద్ధేశ్వరుడి గుడి. ఊరి దగ్గర రెండు పెద్ద రోడ్లు కలుస్తాయి. ఒకటి శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి. రెండోది నిజామాబాద్ నుంచి మెట్‌పల్లి, జగిత్యాల మీదుగా జగ్‌దల్‌పూర్ వైపు సాగే 63వ నంబరు రోడ్డు. 2010లో నంబర్లు మార్చారు గానీ, మొదటిదాన్ని ఏడో నంబరు రోడ్డు అనే అలవాటు పాతవాళ్లలో పోలేదు. 2017లో పెద్దపల్లి-నిజామాబాద్ రైలు మార్గం పూర్తయ్యాక రైలు కూడా వచ్చింది. ఇన్ని దార్లున్న ఊరికి వచ్చేవాళ్లూ ఎక్కువే... టీచర్లు, బ్యాంకువాళ్లు, విత్తనాల వ్యాపారంలో పనిచేసేవాళ్లు.

మా అక్కావాళ్లు అలా వెళ్లినవాళ్లే. బావకు బదిలీ ఉత్తర్వులు వచ్చింది మార్చిలో. ఇంట్లో అక్క, బావ, నాలుగేళ్ల పాప, రెండుపూటలా ఇన్సులిన్ తీసుకునే అత్తయ్య. సాయంగా నేనూ వెళ్లాను. ముందు డీసీఎంలో సామాను, వెనక కారులో మేము. మేడ్చల్, కామారెడ్డి, ఇందల్వాయి టోల్‌గేటు... అంతవరకూ ప్రయాణం పెళ్లిబస్సులా సాగింది.

రోడ్డే కల్లం!

హైవే దిగి ఊళ్లోకి తిరిగే చోట రోడ్డు సగం ఎర్రగా ఉంది. దగ్గరికి వెళ్తే ఎర్రజొన్న. ఇక్కడి రైతులు పండిస్తే ఉత్తరాది రాష్ట్రాలకు పశుగ్రాసం విత్తనంగా వెళ్లే పంట ఇది. చదునుగా, శుభ్రంగా, ఎండ బాగా తగిలే చోటు రైతుకు రోడ్డు కంటే ఎక్కడ దొరుకుతుంది? గింజలు చెదరకుండా అంచున రాళ్లు పేరుస్తారు. ఎదురుగా లారీ వచ్చింది. బావ కారు పక్కకు తీశారు. ముందు టైరు ఓ రాయిని ఒరుసుకుని పక్కన చీరుకుపోయింది. టైరు పక్కభాగం చీరితే పంచరు వేసినా నిలవదు, మార్చాల్సిందే. స్టెప్నీ ఉంది. అందులో గాలి లేదు!

రాత్రిపూట బైకుల మీద వస్తూ ఇలాంటి రాళ్లకు, కుప్పలకు తగిలి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు పేపర్లో చదువుతూనే ఉంటాం. రోడ్డు మీద ఆరబోయడం తప్పే. పంటకు తగినన్ని కల్లాలు లేకపోవడం మాత్రం రైతు తప్పు కాదు.

జాతీయ రహదారి మీద ఉండగా బండి ఆగితే 1033కి ఫోన్ చేయొచ్చు. మేము దాన్ని దిగేశాం. బావ నడుచుకుంటూ వెళ్లి పంచరు దుకాణం కనుక్కున్నారు. రేకు తలుపు మూసి ఉంది. పక్కన టీ కొట్టు పిల్లాడు చెప్పాడు... "పంచరాయన పసుపుకాడ ఉన్నడు సార్. కడాయి దించినంక అస్తడు." ఎప్పుడు దించుతారని అడిగితే నవ్వాడు. "గది పసుపు చెప్పాలె!"

చివరికి మమ్మల్ని గట్టెక్కించింది ఓ ట్రాక్టరాయన. మోచేతుల దాకా పసుపు. ట్రాక్టర్ పెట్టెలోంచి కాలిపంపు తీసి పావుగంట తొక్కాడు. జాకీ ఆయనే పెట్టాడు, నట్లు ఆయనే బిగించాడు. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇంకో నెల ఆగి అస్తే అయిపోవు గద సార్" అని మాత్రం అన్నాడు. కారు తలుపు మీద ఆయన అయిదు వేళ్ల పసుపు ముద్ర నాలుగు రోజులుంది. అత్తయ్య దాన్ని తుడవనివ్వలేదు. కొత్త ఊరికి వస్తూనే పసుపు తగిలింది, మంచిదేనట.

ఆ నెలలో ఏముంది?

పసుపు సుమారు తొమ్మిది నెలల పంట. జూన్‌లో కొమ్ము నాటితే తవ్వేది జనవరి నుంచి మార్చి దాకా. దుగ్గిరాల పసుపు లాగే ఆర్మూరు పేరు మీదా ఒక రకం ఉంది. తవ్వి తీసిన దుంపను కొమ్ములు వేరు, మండ వేరు చేస్తారు. ఆలస్యం చేయకుండా ఉడకబెట్టాలి. వెనక పొయ్యి మీద పెద్ద కడాయిలు పెట్టేవారు. ఇప్పుడు ఆవిరి మీద ఉడికించే డ్రమ్ముల బాయిలర్లు చేనుకే వచ్చేస్తున్నాయి. పుల్ల గుచ్చితే మెత్తగా దిగాలి. తక్కువ ఉడికితే ఆరదు, ఎక్కువైతే రంగు చెడుతుంది. తర్వాత పది పదిహేను రోజులు ఎండలో తిరగేస్తూ ఆరబెట్టాలి. ఒక్క వాన పడిందా, రంగు పోయి ధర పోయినట్టే. ఎండాక డ్రమ్ములో వేసి తిప్పితే పైపొట్టు రాలి, మనం కొట్లో చూసే మెరుపు వస్తుంది. అయిదు క్వింటాళ్ల పచ్చి పసుపు పెడితే చేతికొచ్చేది సుమారు ఒక క్వింటాలు.

ఇన్ని పనులకు చేతులు ఎక్కడివి? బాయిలర్ అతుకు ఊడితే ఊళ్లో వెల్డరే కావాలి. పాలిష్ డ్రమ్ము మోటారు కాలితే వైండింగ్ మేస్త్రీయే రావాలి. ఆటో నడిపే అబ్బాయికి నాన్న చేలో పసుపుంటుంది. డీసీఎంలు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు వరస కడతాయి. ధర నచ్చనివాళ్లు మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా తీసుకెళ్తారు. అలా వెళ్లిన బండి రేపు మాపు తిరిగొచ్చేది కాదు.

ధర కోసం ఈ రైతులు ఎంత దూరమైనా వెళ్తారని చెప్పడానికి ఇంకో లెక్క ఉంది. 2019 ఫిబ్రవరిలో పసుపుకు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు కావాలంటూ మామిడిపల్లి చౌరస్తాలో బైఠాయించి రెండు జాతీయ రహదారుల్నీ ఆపేశారు. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది బరిలో ఉంటే, అందులో అత్యధికులు రైతులే. అడుగుతూ వచ్చిన పసుపు బోర్డును 2023 అక్టోబరులో ప్రధాని ప్రకటించారు. 2025 సంక్రాంతి రోజున నిజామాబాద్‌లో మొదలైంది. అంతటి పంట కల్లంలో ఉండగా మన ఫ్రిజ్జు ప్లగ్గు కోసం ఎవరొస్తారు చెప్పండి!

అత్తయ్య ఇన్సులిన్

సామాను దించడానికి హమాలీలు దొరకలేదు. డ్రైవరు, బావ, నేను, ఎదురింటి ఇద్దరు కుర్రాళ్లు. ఫ్రిజ్జును డీసీఎంలో పడుకోబెట్టి తెచ్చారు. అలా తెస్తే కంప్రెసర్‌లోని ఆయిల్ పైపుల్లోకి జారుతుంది. నిలబెట్టి కొన్ని గంటలు ఆగాకే స్విచ్ వేయాలి. ఆగాం. రాత్రి స్విచ్ వేశాం. టప్‌మని చప్పుడు, కాలిన వాసన. ఫ్రిజ్జు బాగానే ఉంది, గోడలోని ప్లగ్ పాయింట్ మాడిపోయింది.

కారణం వెతికితే అది దుబాయ్‌లో తేలింది! ఆర్మూరు చుట్టుపక్కల చాలా ఇళ్లలాగే ఇదీ గల్ఫ్ డబ్బుతో లేచిన ఇల్లు. ఓనరు అక్కడ, తాళంచెవి ఆయన తల్లి దగ్గర. రెండేళ్లుగా మూసి ఉంది. వాడని ఇంట్లో వైర్ల బిగింపులు వదులవుతాయి, తుప్పు పడుతుంది. అదే తుప్పుతో బోరు మోటారూ బిగుసుకుపోయింది. కరెంటాయనకు ఫోన్ చేస్తే వెనక డ్రమ్ము తిరుగుతున్న చప్పుడు. "ఎల్లుండి అస్త మేడం" అన్నాడు. అక్కడ ఎల్లుండి అంటే నిజంగానే ఎల్లుండి అని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం అక్క ముఖం చూడలేకపోయాం.

వాడకంలో ఉన్న ఇన్సులిన్ సీసా చల్లటి చోట కొన్ని వారాలు ఉంటుంది. కొత్త సీసాలు ఫ్రిజ్జులోనే ఉండాలి. మార్చిలో నిజామాబాద్ జిల్లా ఎండంటే మధ్యాహ్నానికి గదిలోనే ముప్పై డిగ్రీలు దాటేస్తుంది. అత్తయ్య దగ్గర ఉన్నవి నెలకు సరిపడా నాలుగు సీసాలు. చెడితే డబ్బు పోవడం ఒక్కటే కాదు, చెడినట్టు పైకి కనిపించదు కూడా. పొడిచిన మందు పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

పక్కింటి అవ్వ గోడ మీదుగా మా గొడవంతా వింటోంది. లోపలికి వెళ్లి ఓ చిన్న రంజన్ మోసుకొచ్చింది. "తడి ఇసుకల పెట్టున్రి. మా ఆయన సూదిమందు గిట్లనే దాస్తుంటి" అంది. హైదరాబాద్‌లోని డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయనా సరేనన్నారు. సీసాలు నీళ్లు తగలకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, డబ్బా ఖాళీ రంజన్‌లో, రంజన్ తడి ఇసుకలో. పైన తడిగుడ్డ. గదిలో గాలాడే నీడచోటు. పాపకు ఇసుకలో నీళ్లు చల్లే ఉద్యోగం దొరికింది. ఆ రెండు రోజులూ అత్తయ్య షుగరు పూటపూటా చూసి కాగితం మీద రాసుకున్నాం. ఎక్కువేమీ కాలేదు.

అవ్వది పోచంపాడు ముంపు ఊరు. గోదావరి మీద 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరామసాగర్ ప్రాజెక్టు నీళ్లలో పోయిన ఊళ్లలో ఒకటి. కొత్త కోడలిగా ఉన్నప్పుడే ఇల్లు ఖాళీ చేశారట. "దర్వాజలు, దూలాలు పీకి బండ్ల మీద ఏసుకొని అచ్చినం బిడ్డా. దీపం పెట్టనీకి గూడు లేకుండె" అని చెప్పింది. అక్క ప్లగ్గు గురించి మళ్లీ ఎత్తలేదు.

గ్యాస్ కనెక్షన్ మారలేదు కాబట్టి మొదటి రాత్రి వంట లేదు. అయిదారు కిలోమీటర్ల దూరంలో అంకాపూర్. అక్కడ నాటుకోడి ఆర్డరు ఇస్తే అన్నంతో సహా పార్సిల్ కడతారు. కోడి లెక్కనే అమ్ముతారు గానీ ప్లేటు లెక్కన కాదు. ఇల్లు మారినవాళ్లకు ఇంతకంటే ఉపకారం ఇంకేముంది? అత్తయ్యకు మాత్రం అవ్వ ఇంటి నుంచే జొన్నరొట్టె వచ్చింది.

అయిదు హార్స్‌పవర్ల వెనక ఒకటి

మోటారు బయటికి తీయించి వైండింగ్ దుకాణానికి పట్టుకెళ్లాం. గుమ్మం దగ్గరి నుంచి వరసగా అయిదు, ఏడున్నర హార్స్‌పవర్ల పొలం మోటార్లు. వాటి చివర మా ఒక హార్స్‌పవర్ బక్కప్రాణి. బావ కాస్త చిన్నబుచ్చుకున్నారు గానీ నాకు న్యాయమే అనిపించింది. యాసంగి వరి పొట్ట మీదుంది. మడి నాలుగు రోజులు ఎండితే గింజ తాలు పోతుంది. మనం నాలుగు రోజులు బిందెలు మోస్తే నడుము నొప్పి పుడుతుంది, అంతే. మేస్త్రీ అదే మాట ఇంకోలా అన్నాడు... "మీకు నల్లా అస్తది గద సార్. ఆళ్ల చేనుకు నల్లా లేదు." అని ఊరుకోలేదు. మూలనున్న పాత మోటారు ఒకటి తీసి, మాది అయ్యేదాకా పెట్టుకోమన్నాడు. అద్దె అడిగితే విననట్టు నటించాడు.

ఓనరు శుక్రవారం ఫోన్ చేశాడు. గల్ఫ్ నుంచి ఫోన్లు ఎక్కువగా వచ్చేది ఆ రోజే. వీడియోలో ఇల్లంతా చూపించమన్నాడు. మాడిన బోర్డు చూసి, ఖర్చు అద్దెలో తగ్గించుకోమన్నాడు. తర్వాత ఇంకోసారి వంటగది, ఇంకోసారి మెట్లు, ఇంకోసారి మేడ మీద... ప్లగ్గు అయిపోయాక కూడా చూస్తూనే ఉన్నాడు. కట్టాక ఆ ఇంట్లో తను ఉన్నది మొత్తం రెండు నెలలేనట. మేడ మీద ట్యాంకు మూత కనిపించక కోతులు ఎత్తుకెళ్లాయా అని నవ్వాడు. నిజమే, కోతులే! ఈ ఊళ్లో ట్యాంకు మూతకు ఇనుప తీగ కట్టాలని అప్పుడే తెలిసింది.

ఏప్రిల్ మధ్యకు పసుపు పని చాలావరకు అయిపోయింది. ఒకే వారంలో వెల్డరు, ప్లంబరు, పంచరాయన అందరూ చెప్పకుండానే వచ్చారని అక్క ఫోన్‌లో చెప్పింది. ఇప్పుడు ఆమె ఫ్రిజ్జు తలుపు మీద ఓ కాగితం ఉంది. అవసరానికి పిలవాల్సినవాళ్ల ఫోన్ నంబర్లు, పక్కన ఎవరికి ఎన్నెకరాల పసుపుందో, ఏ నెలలో తవ్వుతారో. పంచరాయనకు ఎకరం. వైండింగ్ మేస్త్రీకి రెండు. కరెంటాయన పేరు పక్కన మాత్రం ఖాళీగా ఉంది. చేను ఆయనదా, మామగారిదా అన్నది ఇంకా తేలలేదట.