ఇల్లాండ్రకు బరువుల సాము

ఇంటిచాకిరి చేయు స్త్రీకి వేఱుగ వ్యాయామ మెందులకని మనలో పెద్దలనుమాట. కోనసీమలో ఈ మాట మఱింత గట్టిగా వినవచ్చును. రేవునుండి బిందెలు మోసినవారును, కొబ్బరికాయలు రాశి పోసినవారును, ఊడ్పులకు నడుము వంచినవారును స్త్రీలే కదా! అట్టివారు ఇనుపకమ్మి నెత్తవలసిన పనియేమి? అమలాపురమున స్త్రీలకై ప్రత్యేకముగ వేళ నేర్పఱచిన యొక వ్యాయామశాలకు మేము రెండేండ్లుగ వారమునకు మూడు దినములు పోవుచుండుటచే, ఈ ప్రశ్న మమ్ము నడిగినవారు పలువురు. మాకు తోచిన ప్రత్యుత్తరమును సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

శ్రమ వేఱు, సాము వేఱు. బిందె బరువు నిన్నయు నేడును ఒక్కటియే. దానిని మోయుటకు చాలినంత బలము కొలదివారములలో దేహమునకు పట్టువడును. అంతటితో బలము పెరుగుట నిలిచిపోవును, అలసట మాత్రము నిలువదు. పైగా ఆ బరువెప్పుడును ఒక్క ప్రక్కనే యుండును. నడుము నొప్పిగ నున్నదని బిందె మనకు సెలవీయదు. సాములోనన్ననో బరువు మన యధీనము. నేడింత, వచ్చువారము మఱికొంత, నడుమ విశ్రాంతి. గ్రీసుదేశపు మల్లుడు మైలో దూడను దినదినమును మోయుచు అది యెద్దగువఱకు మోసెనని చెప్పు కథలోని రహస్యమిదియే.

బార్బెల్లనగా పొడవైన ఇనుపకమ్మి, దాని రెండుకొనలకు తగిలించు బిళ్ళలు. పోటీలలో స్త్రీలు వాడు కమ్మి 15 కిలోలు, పురుషులది 20 కిలోలు. 15 లీటర్ల బిందెడు నీటికెంత బరువో వట్టి కమ్మికంత బరువన్నమాట. మేము మొదలిడినది ఆ వట్టికమ్మితోనే.

మేము పాటించు పద్ధతి పాతదే. ఇంగ్లండు వస్తాదు రెగ్ పార్క్ 1960లో ప్రకటించిన పుస్తకముతో ప్రసిద్ధికెక్కినది. 1976లో అమెరికాలో బిల్ స్టార్ తన పుస్తకమున ఇట్టిదానినే వ్రాసెను. ఒక్కొక్క కదలికను ఐదుమారులు చేసి, మూడు నాలుగు నిమిషములు కూర్చుండి, మరల ఐదుమారులు. ఇట్లు ఐదు విడతలు. పార్క్ లెక్కలో మొదటి రెండు విడతలు తేలికబరువుతో ఒడలు వేడెక్కించుకొనుటకు, తక్కిన మూడును అసలు బరువుతో. ఆ మూడింటను ఐదేసిమారులు తప్పక చేయగలిగిన నాడే బరువు పెంపు. మేము ప్రక్క కొకటింబాతిక కిలో చొప్పున రెండున్నర కిలోలకు మించి యెన్నడును పెంచలేదు. పాలపద్దు వలె దీనికొక పద్దుపుస్తకము పెట్టుకొంటిమి.

ఐదే యేల? ఒకటి రెండుమారులు మాత్రమే యెత్తదగిన పెనుబరువు బలము నిచ్చును గాని కండకు చాలినంత పని పెట్టదు. ఇరువదిమారులెత్తగల తేలికబరువు ఓపికమేరకు చేసినచో కండను పెంచును గాని, పెనుబరువు నెత్తుబలము నంతగా నీయదు. ఐదు ఈ రెంటికిని నడిమి బేరము. తొలి నెలలలో కలుగు బలము చాలవఱకు నరముల చలువ; ఉన్న కండనే నరములు మఱింత పూర్తిగ పనిచేయించును. కండ పెరుగుట ఆ తరువాతిమాట.

కదలికలు ముఖ్యముగ మూడు. కమ్మిని భుజములపై నుంచుకొని బస్కీ తీయుట మొదటిది. కత్తిపీట ముందు గొంతుకూర్చుండి పెరిగినవారికి ఇది క్రొత్తగాదు. వెల్లకిల పండుకొని ఱొమ్ముమీదినుండి కమ్మిని పైకి నెట్టుట రెండవది. నేలమీది కమ్మిని నిలువున నిలుచువఱకు ఎత్తుట మూడవది. చిన్నబిళ్ళలతో కమ్మి మరీ క్రిందుగ నుండును గనుక, తొలినాళ్లలో దిమ్మెలపై నుంచి యెత్తుట మేలు. కమ్మి కాళ్ల కానుకొని యుండవలెను, వెన్ను గూనికారాదు, బలమంతయు తొడలనుండియు పిఱుదులనుండియు రావలెను.

ఈ మూడవదాని కొఱకే మేము పోయితిమనవచ్చును. మా అత్తగారు నూతిగట్టున పాచిపై జాఱి తుంటియెముక విఱుగగొట్టుకొనిరి. శస్త్రచికిత్స పిమ్మట వారిని మంచమునుండి కుర్చీకి చేర్చుపని మాదయ్యెను. వారి బరువు 52 కిలోలు. ఆఱవనెలలో మేము 55 కిలోలను నేలనుండి ఐదుమారు లెత్తితిమి. ఆ వారమే వారు, "అమ్మాయీ, ఇవాళ నన్ను కొబ్బరిబోండాంలా ఎత్తేశావే!" యని నవ్విరి.

ఆ తుంటిమాట మనకందఱకును వర్తించును. ముట్లుడిగిన పిమ్మట స్త్రీల యెముకలు పలుచబడుట వేగమగును. ఆస్ట్రేలియాలో ఇట్లు ఎముకలు పలుచబడిన 101 మంది స్త్రీలపై పరీక్ష జరిపి 2017లో ఫలితములు ప్రకటించిరి. వారి సగటు వయస్సు 65. ఒకవర్గమువారు గురువుల పర్యవేక్షణలో, వారమునకు రెండుమారులు, అరగంటసేపు, పెద్దబరువులతో ఈ ఐదైదుల సామునే యెనిమిది నెలలు చేసిరి. వారి వెన్నెముక సాంద్రత నూటికి 2.9 వంతులు పెరిగినది. ఇంటివద్ద తేలికవ్యాయామము చేసినవారికి 1.2 వంతులు తగ్గినది. మోకాళ్లనొప్పి, రక్తపుపోటు మున్నగునవి గలవారు వైద్యుని యడిగి, తెలిసిన గురువునొద్ద మొదలిడవలెను.

కండలు తేలి మగరాయనివలె అగుదుమను భయము పలువురకు కలదు. కండ పెంచు టెస్టోస్టిరోను స్త్రీలలో పురుషులయందున్నదానిలో పదియవవంతుకన్నను తక్కువ. రెండేండ్లలో మా రవికెలు చేతులయొద్ద కొంచెము బిగువైనవి, అంతియే. అమలాపురపు దసరాకు చెడీతాలింఖానా కఱ్ఱసామును అరుగుమీదినుండి చూచి పెరిగినవారము మేము. ఆనాడు మాకు వీథిలో కనబడిన వీరులందఱు మగవారే. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో ఆమదాలవలస ఆడుబిడ్డ కరణం మల్లీశ్వరిగారు 69 కిలోల తరగతిలో ఒక పట్టున 110, మఱియొక పట్టున 130, వెరసి 240 కిలోలెత్తి కాంస్యపతకము గొనిరి. ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతస్త్రీ ఆమెయే. స్త్రీల బరువులపోటీ ఒలింపిక్సులో చేరినదే ఆయేట.

ఇక తిండిమాట. కండ పెరుగునది కమ్మి నెత్తునప్పుడు కాదు, ఎత్తిన మఱునాడు, తిన్నదానినుండి. 60 కిలోల స్త్రీకి దినమునకు 70 మొదలు 95 గ్రాముల మాంసకృత్తులు కావలెను. గ్రుడ్డున కాఱు, నూఱుగ్రాముల కందిపప్పున కిరువదిరెండు, అంతే చేపకు సుమారిరువది. పులసయే కానక్కఱలేదు, కాలువచేపయు చాలును. కాని అందఱకు వడ్డించి కడపట కూర్చుండు ఇల్లాలికి మిగులునది పులుసు; ముక్క లుండవు. సాములో మాకు కష్టమనిపించినది కమ్మి కాదు, ఇదియే. ఇప్పుడు సాము చేసినదినమున పిల్లలతోపాటే పీట వేసికొనుచున్నాము. మొదట రెండుదినములు ఇంటివారు వింతగ చూచిరి. మూడవనాడు మా పెద్దవాడు లేచి కూరగిన్నె తానే తెచ్చి మధ్యనుంచినాడు.